సుంకులమ్మ ఇంటి ముందర కొళాయి

సుంకులమ్మ ఉండేది గడ్డవీధిలో ఆఖరిల్లు. మొగుడు పోయినాడు, పిల్లలు లేరు. నా అనేవాడు మరిది లింగన్న ఒకడే అనుకో. పండగొస్తే ఆయన పెళ్లాం గిన్నెలో కూర పంపిస్తాది, జ్వరమొస్తే వచ్చి పలకరిస్తాది. ఇంగ వీధి ఆడోళ్లు. పొద్దున్నే వాగుకాడ బోరింగుకు నీళ్లకు పోతా "అక్కా, లెయ్యి" అని తలుపు కొడతారంట. పోను అంత దూరం, రాను అంత దూరం, దావ పొడుగునా మాటలే మాటలు. నడుములు మాత్రం పడిపోతాండె. మీకేం, ఇంట్లో తిప్పితే నీళ్లు!

అట్లుంటే ఏమైందంటే, ఇంటింటికీ కొళాయి పెట్టమని సర్కారు ఊరికి డబ్బిచ్చింది. పని లింగన్న పట్టినాడు. కింది వీధి దాకా పైపులు బాగనే వేసినాడు. గడ్డవీధికి వచ్చేసరికి బండ తగిలింది. దాన్ని పగలగొట్టాలంటే ఖర్చు గదా, ఊరికే కొళాయిలు మాత్రం ఇంటింటి ముందరా నాటేసినాడు. నాటితే మొలిచేటివా అవి! పనైపోయిందని సర్కారుకు చెప్పేసినాడంట. ఇంతలో తనిఖీకి ఇంజనీరమ్మ వస్తాందని తెలిసింది. తెలిసేసరికి సుంకులమ్మ మిద్దె మీద డ్రమ్ము పెట్టించి, నీళ్లు నింపి, కొళాయికి పైపు కలిపించినాడు. వదినా, ఈ ఒక్క కొళాయే చూపిస్తా, రోజూ వస్తాయని ఒక్కమాట చెప్పు చాలు అన్నాడంట. సరేలే నాయనా అనింది. అనక ఏం చేస్తాది?

ఇంజనీరమ్మ వచ్చె, కొళాయి తిప్పె, నీళ్లు దబదబ పడె. ఆయమ్మ మొగం వెలిగిపాయె. "రోజూ వస్తాయా అవ్వా?" అనడిగింది. సరిగ్గా అప్పుడే పక్కింటి కోడలు రామక్క, నెలలు నిండిన పిల్ల, నెత్తినొక బిందె, చంకనొక బిందె, రొప్పుకుంటా గడ్డ ఎక్కి వస్తాంది. పక్కకు పో అని లింగన్న కళ్లతోనే కసిరినాడు. ఆ పిల్ల బెదిరి, రాయి తట్టుకొని, బిందెలతో సహా మోకాళ్ల మీద పడె. సుంకులమ్మ పరిగెత్తిపోయి, లేపి కూచోబెట్టి, అక్కణ్నుంచే చెప్పేసిందంట, "రావమ్మా, ఒక్క చుక్క రాదు. మిద్దె మీద డ్రమ్ముంది, ఎక్కి చూసుకో."

"వదినా!" అన్నాడు లింగన్న. అదే ఆఖరు, మళ్లా ఆ పిలుపు ఆయన నోట రాలా.

లింగన్నకు రావాల్సిన డబ్బు ఆపేసినారు. బండ కొట్టించి, పైపులు వేయించిందాకా ఇంజనీరమ్మ వదల్లా. వానలు పడేలోపల గడ్డవీధిలో ఇంటింటికీ నీళ్లొచ్చినాయి. రామక్క బిడ్డకు ఆ నీళ్లే పోసినారంట.

మరి సుంకులమ్మకు? కూరగిన్నె రావడం ఆగిపాయె. లింగన్న కాడ కూలికి పోయేటోళ్లు ఆమె వాకిలి రాగానే తల తిప్పుకుంటాండ్రి. రామక్క ఎప్పుడన్నా నవ్వబోతే, కొడుకు కూలి పోతాదని లోపలి నుంచి అత్త కేకేస్తాది. పోనీ బోరింగు దావన్నా ఉందా? ఎవరి వాకిట్లో వాళ్లకు నీళ్లాయె, ఇంగ తలుపు కొట్టేదెవరు? పొద్దున్నే లేచి, బిందె కొళాయి కింద పెట్టి, నిండేదాకా దానెదురుగా కూచుంటాదంట. ఆ నిండేదెంతసేపు!

మరుసటేడు ఇంజనీరమ్మ మళ్లా చూసిపోదామని వచ్చింది. తిప్పింది, వచ్చినాయి. "ఇప్పుడేమన్నా కష్టముందా అవ్వా?" అనింది. ఏం లేదు తల్లీ, నీళ్లు బాగొస్తాండాయి అని, ఆయమ్మ చెయ్యి పట్టుకొని, కూచో, టీ పెడతా అనిందంట. ఇంకో ఊరు చూడాలవ్వా అంటే, పెడతా, పెడతా అంటాదే గాని చెయ్యి వదల్లా, పొయ్యి కాడికీ పోలా. జీపాయన హారను కొడతానే ఉండాడు.

అంతే కత. ఆమె చెప్పింది తప్పంటారా? నేనైతే అనను. ఆ వీధిలో నీళ్లు తాగేటోళ్లు కూడా ఎవరూ అనరు. ఏదన్నా అనేదానికి ఆ ఇంటికి పోతే గదా!