వెన్నెల పందిరికి తీగ

నర్సరీలో ఆకుపచ్చ వల నీడన భార్యాభర్తలు, నర్సరీ పెద్దాయన.

“రేరాణి ఇచ్చెయ్యండి పెద్దాయనా. ఇంకెంతసేపు తిరుగుతాం?”

“అది తీగ కాదమ్మా, పొద. పందిరి కింద నిలబడి పైకి చూస్తుంది గానీ ఎక్కదు.”

“అచ్చం మా ఆయనే.”

“మధ్యలో నన్నెందుకు లాగుతావు?”

“పందిరి వేయించింది మీరేగా. రాత్రి పూసేదే కావాలి, తెల్లగా ఉండాలి, వెన్నెల్లో కూర్చోవాలి అని. పెళ్లయిన ఇన్నేళ్లలో మీరు వెన్నెల్లో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.”

“ఇప్పుడు సొంతిల్లు కదా.”

“ఈ గిన్నెపువ్వు చూడండమ్మా. తెలుపు. చీకటి పడగానే విచ్చుకుంటుంది. ఒక్క వానాకాలం చాలు, పందిరంతా కప్పేస్తుంది.”

“ఇది బాగుంది.”

“పొద్దున్నకల్లా వడిలిపోతుంది. దానికన్నా ఆ మూల ఉంది చూడు, గుత్తులు గుత్తులుగా...”

“ఆ మూలది వద్దు.”

“రాధామనోహరం తల్లీ. దాన్ని వద్దన్నవాళ్లు లేరు.”

“నేనున్నాగా. పేరు నచ్చలేదు.”

“పేరుకేముంది? వేరే పేరు పెట్టుకుని పిలవండి.”

“పేరు మారిస్తే మనుషులు మారతారా?”

“మనం మాట్లాడేది తీగ గురించి.”

“తీగ గురించే. అద్దె ఇంట్లో ఉన్నప్పుడు మా ఎదురింట్లో ఓ కుట్టు టీచరు ఉండేది పెద్దాయనా. ఈ తీగ పేరులో ముందు సగం ఆవిడది. జాకెట్లు నావి, వెళ్లి తెచ్చిపెట్టే ఓపిక ఈయనది.”

“మళ్లీ మొదలు.”

“వాళ్ల డాబా నిండా ఇదే తీగ.”

“నీ కోసమే కదా ఆ ఇల్లు ఖాళీ చేశాం. ఇంకా ఏం కావాలి?”

“తెలుపు కావాలన్నారుగా. ఇదేమో ఎరుపు.”

“రాత్రి విచ్చుకునేటప్పుడు తెలుపే. తెల్లారేసరికి గులాబీ రంగు. ఆ తర్వాతే ఎరుపు.”

“ఎవరు చెప్పారు?”

“ఈయనే, ఇందాక.”

“నేనింకా చెప్పలేదు బాబూ.”

“రాత్రీ చూసి, తెల్లారీ చూసినవాళ్లకే తెలుస్తుంది ఆ సంగతి. మధ్యలో ఎక్కడున్నారు?”

“పెద్దాయనా, మంచినీళ్లున్నాయా?”

“కుండ అటుంది బాబూ.”

“కుండ ఎక్కడికీ పోదు. చెప్పండి.”

“మెట్ల మీద.”

“ఏ మెట్లు?”

“మన మెట్లే. ఆ టీచరు గొడవలోనే నువ్వొక రాత్రి లోపల గడియ పెట్టుకోలేదూ? తెల్లవార్లూ మెట్ల మీదే కూర్చున్నా. ఎదురుగా కనిపించేది ఆ డాబా. ఏం చెయ్యను, ఆ పూలే చూస్తూ కూర్చున్నా.”

“తెల్లవార్లూనా?”

“తెల్లవార్లూ.”

“నేనేమో మీ అన్నయ్య వాళ్లింటికి పోయారనుకున్నా.”

“ఎక్కడికి పోతాను?”

“చలికాలం కదా అప్పుడు.”

“వణికా.”

“తలుపు కొట్టొచ్చుగా.”

“కొడితే తీసేదానివా?”

“తీసేదాన్ని కాదులెండి.”

“మరి?”

“నా నోరే మంచిది కాదు. పెద్దాయనా, ఆ మూలది బండి ఎక్కించండి.”

“మరి పేరమ్మా?”

“పేరుదేముంది. నీళ్లు పోస్తే ఏదైనా పెరుగుతుంది.”

“హమ్మయ్య. చూస్తావుగా, ఎంత బాగుంటుందో. పొద్దున్నే నిన్నటి పూలు రాలి, తొట్టి నిండా ఎర్రగా తేలుతుంటాయి. నీళ్లే కనపడవు. ముఖం కడుక్కుందామన్నా చెయ్యి పెట్టబుద్ధి కాదు.”

“ఏ తొట్టి?”

“అదే... వాళ్ల నీళ్లతొట్టి.”

“కుండీ ఎక్కించేశానమ్మా. తాడు కట్టమంటారా?”

“ఆగండి పెద్దాయనా. ఏమండీ, మన మెట్ల మీంచి కనిపించేది వాళ్ల వీధి గోడ, పైన డాబా. తొట్టి ఉండేది పెరట్లో, ఆవిడ పడగ్గది గుమ్మం ముందు.”