నారుమడి తెగులు

ఎనభై తొమ్మిది ఎండాకాలం. ఎయిడ్స్ సోకిన కొడుకును ఒంగోలు ఆస్పత్రిలో చేర్చిన దర్శి మిరప రైతు, వరండాలో నర్సమ్మను ఆపాడు.

“మొన్ననే గదమ్మా రెండు సీసాల రక్తం ఎక్కించింది? అప్పుడే మళ్ళీ పాలిపోయాడేంటి?”

“రక్తం పుట్టేది ఎముకల్లో ఉండే మూలుగలో, పెద్దాయనా. ఈ జబ్బు అక్కడ కూడా పట్టింది. కొత్త రక్తాన్ని సరిగా తయారు కానివ్వట్లేదు.”

“అంటే తెగులు చేలో కాదు, నారుమడిలోనే పడిందన్నమాట.”

“అంతే.”

“మా నారు పోతే పక్క రైతు తన నారిస్తాడమ్మా. నా మూలుగ తీసుకోండి.”

“ఆ నారుకీ ఇదే తెగులు తగులుద్ది, పెద్దాయనా.”

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు.

“వాడికి మంచినీళ్ళు ఎవరు పడుతున్నారు?”

“నేనే. మీ చుట్టాలెవరూ ఆ గ్లాసు ముట్టుకోవట్లేదు.”

“తెగులు పడిందని చేనుకు నీళ్ళు మానేస్తామా? ఆ గ్లాసు ఇటివ్వమ్మా.”