అలుకు కింది గీతలు

"బాపమ్మా, కొట్టం గోడకు గీ గీతలేంది?"

అవా? అవి మా అత్త రాజవ్వ గీసినయి బిడ్డా, కొడవలి మొనతోని. జర ఇటు కూసో, చెప్త. ఆమెకు అచ్చరం ముక్క రాదు. రోడ్డు మీది హోటలాయనకు సేరు పాలు పోస్తె గోడకు ఒక గీత, గంతే లెక్క. అప్పుడు సేరు పాలు ఆరణాలు. నయా పైసలు వచ్చినయి గని మేమింకా అణాలల్లనే లెక్కవెట్టేది. గిప్పుడు పాల పాకిటు ధర ఇంటె నాకు దడ... సరె, ఏడున్న? ఆఁ, గీతలు.

నేను కొత్త కోడల్ని. మాది ఆదిలాబాద్ దిక్కు, పత్తి చేన్లల్ల పెరిగినదాన్ని. మా అవ్వగారింట్ల లెక్కకు తాడుకు ముడులేస్తరు, గోడకు గీసుడు నాకేం ఎరుక? పోరగాండ్లు గీకిండ్రనుకున్న. పెత్తరమాస నాడు అత్త చేనుకు పోయింది. బతుకమ్మ వచ్చె, ఇల్లు సక్కగ కనవడాలె అని పెండల ఎర్రమట్టి కలిపి గోడంత నున్నగ అలికిన. మెచ్చుకుంటదనుకున్న. ఆమె వచ్చి చూసింది. "మంచిగ అలికినవ్" అన్నది. అవి పాల లెక్క గీతలని రాత్రి మీ తాత చెప్పిండు.

పాలకు వచ్చిన హోటలాయన గా గోడ చూసిండు. దసర పోయినంక పైసలడిగితె, "ఇరవై సేర్లే గద రాజవ్వా" అన్నడు. పెత్తరమాస దాక నలభై ఎనిమిది పోసింది బిడ్డా, పద్దెనిమిది రూపాలు. దీవాలి లోపట గా పైసలు కట్టకుంటె బాకికి బర్రెనమ్మినోడు దాన్ని మళ్ల తోలుకపోతడు. మాకు గదొక్కటే ఆధారం.

అప్పుడప్పుడే న్యాయ పంచాయతి అని పెట్టిండ్రు, చిన్న చిన్న పైసల తగాదలకు పెద్ద కచేరి దాక పోవద్దని. వకీలు లేడు, ఏం లేడు, బడిల ఐదుగురు కూసునేది. అంతకుముందు దొర గడిల చేతులు కట్టుకొని నిలవడుడే, మా అసొంటోళ్లం కూసునుడు ఏడిది? మా అత్త ఆడనే అర్జి పెట్టింది. పిలిచిన దినం ఆమెను హోటలాయన పక్కకే, అదే బల్ల మీద కూసోవెట్టిండ్రు. నాకు నా కండ్ల మీద నమ్మకం లేదు.

ఐదుగుర్ల పెద్దాయన మగ్గం నేసేటాయన. కండ్లు సగం పోయినయి. "కాయిదం ఉన్నదా రాజవ్వా" అంటె, "మా గోడనే" అన్నది. హోటలాయన నవ్విండు, "గా గోడ అలికేసిండ్రు, ఇగేముంటది" అన్నడు.

"ఎవరలికిండ్రు?" అన్నడు పెద్దాయన.

"నేనే" అన్నది మా అత్త. ప్రమాణం చేసినంక, బిడ్డా. పాలల్ల చుక్క నీళ్లు కలపని మనిషి.

ఐదుగురు లేసి మా కొట్టంలకే వచ్చిండ్రు. పెద్దాయన చెప్పులిడిసి, కండ్లు మూసుకొని గోడ మీద చేతి ఏళ్లు నడిపిండు, మగ్గం మీద పోగులు చూసినట్టు. "ఎండినంక అలుకు గీతలల్లకు గుంజుకున్నది, ఉన్నయి" అన్నడు. హోటలాయన చెయ్యి పట్టి గోడకు పెట్టిండు, "నువ్వే లెక్కవెట్టు, అందరికి ఇనవడాలె." ఇరవై దాక గట్టిగనే అన్నడు. ఇరవై ఒకటికి గొంతు కిందికి దిగింది. నలభై ఎనిమిదికి ఎవ్వలకు ఇనవళ్లే.

"నిన్న మొన్న గీసినయి కావచ్చు" అన్నడు మళ్ల. "నిన్న గీస్తె అలుకు మీద ఉంటయి, ఇవి అలుకు కింద ఉన్నయి. అలికింది పండుగకు. నువ్వు కాదన్నది పండుగ పోయినంక" అన్నడు పెద్దాయన. నేను చేసిన తప్పే సాక్ష్యమయింది.

పైసలొచ్చినయి, బర్రె నిలిచింది. అత్త కాళ్లు పట్టుకొని అడిగిన, నా కోసం అబద్ధమెందుకాడినవని. "బర్రె పోతె ఇంకోటి తెచ్చుకుంటం. నలుగుట్ల నిన్ను నిలవెడితె గా సిగ్గు నీకెన్నడు పోతది?" అన్నది.

అటెంక గా అలుకు నేనే కడిగిన, మళ్ల గీ గోడను అలకలే. తెల్లారి అత్త వేరే ఇంట్ల పాలు పోసొచ్చి, కొడవలి నా చేతికే ఇచ్చింది. గా కింది గీతలు, వంకరగ ఉన్నయి సూడు, గవి నాయి. గోడకు గీసుడు కొత్త మరి... సల్లగుండు బిడ్డా. నీకు గసొంటి అత్త దొరకాలె.