కోర్టు బయట వాయిదా

పెద్ద టెన్నిస్ పోటీ జరుగుతోంది. మూసిన గేటు బయట అన్నాచెల్లెళ్లు, లోపల ఓడిపోతున్న చెల్లెలి కూతురు.

“టోపీ, నీళ్లసీసా, మెత్తటి చెప్పులు, అన్నీ చెప్పావు. మధ్యలో లేస్తే మళ్లీ రానివ్వరని చెప్పలేదేం అన్నయ్యా?”

“కాఫీ అంటూ లేచింది నువ్వేగా! కోర్టన్నాక వాయిదా తప్పదు. రెండు గేములై, ఆడేవాళ్లు పక్కలు మారేదాకా గేటు తియ్యరు.”

“అవిగో చప్పట్లు! మనదానికా, అవతలి పిల్లకా?”

“చప్పట్లకు ఇంటిపేరుంటుందటే? కాస్త ఒకచోట నిలబడు తల్లీ, నువ్వు తిరుగుతుంటే నా కళ్లు తిరుగుతున్నాయి.”

“ఇవాళ ఓడితే రాకెట్ అటకెక్కిస్తానంది అన్నయ్యా.”

“గేటు తీశారు, పద! అరే, బోర్డు చూడు. రెండు గేములూ మనమ్మాయివే!”

“మనం చూసినంతసేపూ ఒక్కటీ గెలవలేదుగా?”

“లేదు.”

“అయితే గేటు వేసెయ్యమను. మనం ఇక్కడే ఉందాం.”