పెద్దచ్చుల పోసిన చక్కెర పేరు

"నానమ్మా, ఇంట్ల చిన్నపిల్లలెవ్వరు లేరు గద. మరి ఏటా హోలికి గీ పెద్దచ్చు ఎందుకు నానవెడ్తవే" అని అడుగుతున్నవా? జర గా పీట ఇటు జరుపుకొని కూసో బిడ్డా. నా మోకాళ్లు ఒంగుతలేవు, నువ్వే దాన్ని నీళ్లల ఇంకింత లోపలికి ముంచు. టేకుచెక్క అది. మంచిగ నానకుంటే చక్కెర పట్టుకొని ఊడిరాదు.

చక్కెర పేర్లంటే మీకు బజార్ల కవర్లల అమ్మే బిళ్లల దండలే తెలుసు. మా అత్తమ్మ, అంటే మీ తాతను కన్నతల్లి, ఇంట్లనే పోసేది. మన తొర్రూరు దుకాణం ముంగట హోలికి వారం ముందునుంచే ఆడోళ్లు నిలవడుతుండిరి. చక్కెర మసిలేటప్పుడు ఇన్ని పాలు చిలకరిస్తే మైలంత పైకి తేలుతది, తీసి పారబొయ్యాలె. పాకం ముదిరినంక చెక్క తెడ్డుతోని గంజు గిన్నె అంచుకేసి రుద్దుడు. అదే అసలు కష్టం. అద్దం లెక్క ఉన్న పాకం రుద్దంగ రుద్దంగ పాల లెక్క తెల్లబడ్తది. ఇగ అప్పుడు ఆగొద్దు, గబగబ అచ్చులల్ల పొయ్యాలె, లేకుంటే గంజులనే రాయైతది. అచ్చంటే రెండు చెక్కలు, నడుమ దారం వెట్టి ముందుగల్లనే బిగించాలె. మా అత్తమ్మ కొత్తగ కాపురానికొచ్చినప్పుడు చక్కెర కంట్రోలు దుకాణంల కార్డు మీద ఇచ్చేటోళ్లట. హోలి కోసమని ఇంటిల్లిపాది సప్పటి చాయ తాగి దాచేటోళ్లమని చెప్పేది. ఏందో చెప్పవోయి ఏందో చెప్తున్న.

గా పెద్దచ్చు నా మేనల్లునిది. నాగరాజు. దంతాలపల్లిల మా తమ్ముడు ఉండె గద, ఆయన కొడుకు. ఒక్కడే. మా దిక్కు హోలికి మేనత్త చేతితోని చక్కెర పేరు మెళ్లె వడాలె పిల్లలకు. వాడు పుట్టిన ఏడు మా అత్తమ్మనే చెప్పి చేయించింది గా అచ్చు, మా కోడలిపిల్లకు ఒక్కడే మేనల్లుడు, జర పెద్దగ ఉండనియ్యి అని చెక్కపని వడ్లాయనతోని అన్నది. నన్ను కోడలిపిల్ల అనేది ఆమె. వాడు వరంగల్ల డిగ్రీ చదివేటప్పుడు గుడ మీసాలతోని బస్సెక్కి వచ్చేటోడు. "ఎవ్వరు చూడకముందే ఎయ్యి అత్తా" అని లోపలి అర్రల నిలవడి మెడ వంచేటోడు. ఇంటికి తీస్కపోతే వాళ్లమ్మ సువర్ణ రోజు పొద్దుగాల ఒక బిళ్ల ఇరిచి వాని చాయల వేసేది. ఉగాది దాక గదే చక్కెర వానికి.

ఇగ తెలంగాణ లొల్లి జోరుమీదున్న రోజులు. కాలేజీలు బందు, బస్సులు బందు. నాగు జెండా పట్టుకొని తిరుగుతున్నడని తమ్ముడు పరేషాన్ అయ్యేటోడు. ఆ చలికాలం వాడు పానం తీసుకున్నడు బిడ్డా. ఇగ తెలంగాణ రాదేమోనని దోస్తులతోని అన్నడట. ఎట్ల పోయిండో నేను చెప్ప, నువ్వు అడుగకు.

లీడర్లు వచ్చిండ్రు, మైకులు వెట్టిండ్రు, పూలదండలేసిండ్రు, అమరుడన్నరు. వచ్చిన కార్లు పోయినయి. సువర్ణ ఏడువలే. అన్నం ముట్టలే. సావైనింట్ల నోటి చేదు తియ్యాలని సుట్టాలు వండుకొని తెస్తరు గద, ఒక్కరి ముద్ద గుడ నోట్ల వెట్టనియ్యలే. పండ్లు బిగవట్టేది. నేను పోయి పెరుగన్నం కలిపి వెడితే మొఖం గోడదిక్కు తిప్పుకున్నది. తమ్ముడు బలిమిటికి పట్టియ్యవోతే ఇన్ని గంజినీళ్లు, అంతే. దవాఖానకు తీస్కపోయి సీసాలు ఎక్కిచ్చిండ్రు. డాక్టరు తమ్ముని పక్కకు పిలిచి, "సూదులతోని ఎన్ని రోజులయ్యా, నోటితోని తినకుంటే దక్కది" అన్నడట. తమ్ముడు నాకు ఫోను జేసి, "అక్కా, ఇది గుడ పోతది" అన్నడు. గంతే అన్నడు.

నేను రోజు రాముని ముందల దీపం వెట్టి కూసునేదాన్ని, గని ఏమని అడగాలె?

గంతల హోలి వచ్చె. సావైనింట్ల ఏడాది దాక పండుగ పొయ్యి వెట్టరు. గని నేను ఆ ఇంటి ఆడబిడ్డను, ఈ ఇంటి కోడలిని. నాకు మూడొద్దుల మైల, మన పొయ్యికి అడ్డం లేదు. మా అత్తమ్మ, "ఊరి పిల్లలు ఎదురుచూస్తరు, కానియ్యి" అన్నది. రుద్దిన. ఏడ్సుకుంటనే రుద్దిన. పొయ్యంగ పొయ్యంగ చూస్తే, పెద్దచ్చుకు గుడ దారం వెట్టి బిగించి ఉన్నది. నేనే కట్టిన. ఏటేటా కట్టిన చెయ్యి, దానికేం తెలుసు. చూసేవరకు సగం పోసిన.

నడుమల ఆపితే పాకం రాయైతది. మా అత్తమ్మ దిక్కు చూసిన. ఆమె తెడ్డు తీస్కొని నిండ పోసింది. ఒకరికని పోసిన పేరు ఇంకొకరి మెళ్లె వడదు, అమ్మేది అంతకన్న లేదు. ఆరినంక అచ్చు ఇప్పి, ఆమెనే తెల్లబట్టల చుట్టి నా చేతిల వెట్టింది. "ఎవలకని పోసినవో ఆ ఇంట్ల ఇచ్చి రాపో" అన్నది. పండుగ తీపి సావైనింటికి తీస్కపోవుడు తప్పని నాకు నేర్పింది గుడ ఆమెనే, చూడు.

ఆ రోజు తెలంగాణ బందు. మీ తాత బండి మీద పోతే నడుమల రోడ్డు మీదనే పొయ్యిలు వెట్టి వండుతున్నరు, ఎవ్వరిని పోనిస్తలేరు. పోరగాండ్లు అడ్డం వచ్చి, "బందు నాడు పెత్తనాలకు బయలెల్లినవా పెద్దమ్మా" అని నవ్విండ్రు. వాళ్ల ఎన్క బ్యానరుంది, పోయిన పిల్లల ఫోటోలు. "గా చివరి ఫోటో నా మేనల్లుడు. వాళ్లమ్మ కాడికి పోతున్న" అన్న. నవ్వేటోడు నెత్తి రుమాలు తీసిండు. రాళ్లు జరిపిండ్రు.

తమ్ముడు బట్ట ఇప్పి చూసి మండిపడ్డడు. "నీకు మతి ఉన్నదా అక్కా. పిలగాడు పోయి మట్టి ఆరలే, పండుగ పట్టుకొచ్చినవా" అన్నడు. మంచంల ఉన్న సువర్ణ తల తిప్పింది. చెయ్యి చాపింది. ఒళ్లె వెట్టిన. ఫోటోకు వేస్తదేమో అనుకున్న. వెయ్యలే. ఒక్కొక్క బిళ్ల తడిమి చూసుకున్నది.

"వదినె, చాయ వెట్టు" అన్నది. ఎన్ని రోజులకో ఇన్న ఆమె గొంతు.

చాయ వెట్టిన, వాని గిలాసల పోసిచ్చిన. బిళ్ల ఇరిచి అండ్ల వేసింది. వాని ఫోటో ముందల వెట్టి చూస్తనే ఉన్నది, చాయ మీద మీగడ కట్టి సల్లారిపోయింది. ఇగ వాడు తాగడని అప్పుడు ఎరుకైనట్టున్నది బిడ్డా. గిలాస తీసి తనే తాగింది. అడుగున కరుగని చక్కెర వేలితోని తీసుకొని నోట్ల వెట్టుకొని, అప్పుడు ఏడ్సింది. తమ్ముడు బయటికి పోయి అరుగు మీద కూలవడ్డడు.

రోజుకొక బిళ్ల. దానెంబడి నాలుగు మెతుకులు. ఉగాదికి పేరు ఒడిసింది. "ఇంకొకటి పొయ్యి వదినె, ఇది లేకుంటే మింగుడు వడ్తలేదు" అని మనిషిని పంపింది. హోలికి తప్ప గంజు దించని మా అత్తమ్మ, మారుమాట లేకుండ పొయ్యి ముట్టించింది.

తెలంగాణ వచ్చిన్నాడు దంతాలపల్లిల పటాకులు కాల్చిండ్రు. సువర్ణ తలుపు దగ్గరేసుకున్నదట. వాని దోస్తులు వాని యాదికి కట్టిన గద్దె రోడ్డు ఎడల్పుల పోయింది. తమ్ముడు గుడ పోయిండు. ఆమె ఒక్కతే ఉన్నది, ఇప్పటికి రెండు గిలాసల చాయ పోస్తది, రెండోది సల్లారినంక తనే తాగుతది. నేను నచ్చజెప్ప.

నా చేతులు ఇగ తెడ్డు తిప్పయి బిడ్డా. ఈసారి నువ్వు రుద్దు. తెల్లబడ్డదంటే ఆగకు. దారం మర్వకు, వెట్టినవా, ఏది సూడనియ్యి... ఆ, గట్లనే. దంతాలపల్లికి, సువర్ణ కాడికి, ఈ యేడు నువ్వే తీస్కపో. ఎవలు పోసిండ్రని అడిగితే నువ్వే పోసినవని చెప్పు, నా తర్వాత గుడ వస్తదని ఆమెకు తెల్వాలె. రాముడు నిన్ను సల్లగ చూడాలె తల్లీ. నీ కడుపున పుట్టినోళ్లు నీ కండ్ల ముందల ముసలోళ్లు గావాలె. ఊ, పొయ్యి మీద పాకం వాసనొస్తున్నది, లే, లే...