తొక్కరాని వెలుగు

1990 ఆగస్టు ఆరవ తేదీన శ్రీమతి శేషారత్నం గారు సికింద్రాబాదులోని మా ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా బాధ్యతలు స్వీకరించారు. మాట కరకు, చెయ్యి మెత్తన అని అప్పటి రోగులు పెట్టిన పేరు, పునరావాస విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న ఈ వేళకూ చెక్కుచెదరలేదు.

ఇసుక సంచులు, చెక్క మెట్లతో మొదలైన విభాగానికి వెలుగుబొమ్మల యంత్రాన్ని తెప్పించిన ఘనత వారిదే. పైకప్పు నుంచి నేల మీద పడే బొమ్మను కాలితో తొక్కగానే అది మాయమై మరొకచోట వెలుస్తుంది. పక్షవాతంతో చచ్చుబడిన కాలు ఆటలో పడి కదులుతుంది. యంత్రంతో వచ్చిన ఫుట్‌బాల్ బొమ్మలు మనవారికి పట్టవని తలచి, నిరుడు దీపావళికి శేషారత్నం గారే ప్రమిదల బొమ్మలు పెట్టించారు. మేమందరం భేష్ అన్నాము.

బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయలు అమ్మే పుష్పమ్మ గారు ఆ నెలలోనే మా వద్దకు వచ్చారు. నేల మీద దీపాలు వెలగగానే ఆమె కాలు బిగుసుకుపోయేది. గడువులోగా పురోగతి లేనివారి వంతు మరొకరికి ఇవ్వడం మా పద్ధతి. ఆ గడువు దగ్గరపడిన రోజున శేషారత్నం గారు, "కాల్లో బలం ఉందమ్మా, నీకే మనసు లేదు" అని గట్టిగా అన్నారు.

"జెర కాలు పెట్టరాదే అమ్మా, ఇజ్జత్ తీస్తున్నవ్" అని కొడుకు తిరుమల్ కూడా విసుక్కున్నాడు.

తలదించుకుని వెళ్లబోతూ పుష్పమ్మ గారు కడ్డీ పట్టుకుని వంగి, స్వాధీనంలో లేని కుడిచేతిని ఎలాగో చాచి, నేల మీది వెలుగును తాకి కళ్లకద్దుకున్నారు.

"దీపాన్ని ఎట్ల తొక్కుత మేడం? కాలు రాకుంటె రాకపాయె."

"ఇన్నాళ్లూ చెప్పలేదేమమ్మా?"

"పెద్ద సదువులోళ్లు, మీరే పెట్టిన్రు. మీకు చెప్పుడు సిగ్గనిపించింది."

సిగ్గుపడవలసింది ఎవరో ఆ గదిలో అందరికీ అర్థమైంది. రోజూ దీపం వెలిగించి కాని పని మొదలుపెట్టని శేషారత్నం గారు ఆమె ఎదుట నేల మీద కూర్చుండిపోయారు. "పొద్దున నేను దణ్ణం పెట్టేదాన్నే మిమ్మల్ని తొక్కమన్నానండీ" అన్నారు. ‘నువ్వు’ పోయి ‘మీరు’ వచ్చింది.

మర్నాడు దీపాల స్థానంలో బొద్దింకల బొమ్మలు వెలిశాయి. పుష్పమ్మ గారు ఏదో పాత కక్ష తీర్చుకున్నట్లు తొక్కారు. తిరుమల్ తప్పుకుని నిలబడవలసి వచ్చింది.

ఈ ముచ్చట ఈ సన్మాన సంచికలో వద్దని మేమెంత బతిమాలినా వారు ఒప్పుకోలేదు. "పొగడ్తలు మీ ఇష్టం. ఇది మాత్రం ఉండాలి. ఆవిడ తల దించుకోవడం ఇంకా నా కళ్లముందే ఉంది" అన్నారు. ఆనాడు భేష్ అన్న మాకు ఈ వాక్యాలు రాస్తుంటే తల ఎత్తడం కష్టంగానే ఉంది.

సన్మానానికి శేషారత్నం గారు పెట్టిన షరతు ఒక్కటే. జ్యోతి ప్రజ్వలనకు ముఖ్య అతిథి వద్దు, పుష్పమ్మ గారే కావాలన్నారు. కనుక సభలో ఆమె తన కాళ్ల మీద వేదికెక్కి, తన కుడిచేత్తో దీపం వెలిగిస్తారు. శేషారత్నం గారు చెప్పులు విడిచి పక్కన నిలబడతారు. ఎందరినో నడిపించిన ఆ పాదాలు నొప్పి ఎరుగక, నిండు నూరేళ్లు చల్లగా నడవాలని ఆ దీపం ఎదుట మేమందరం కోరుకుంటాము.