సీటు ఖాళీ ఉన్నదా

ప్లాట్లు చూసేందుకే వచ్చినవా బిడ్డా? అవ్, కారు దిగినప్పుడే అనుకున్న. ఇటు కూసో, ఆ బల్లకు ఓ కాలు కుంటిది. మీ ఏజెంటు ఫోన్ల పడ్డడు, ఇప్పట్ల రాడు. ఈ మలుపు దాటితే భద్రాచలం దిక్కు అంతా అడివే, సిగ్నల్ ఉండదని అందరూ ఇక్కడనే ఆగుతరు. చక్కెర తక్కువ వెయ్యాల్నా? నాకయితే డాక్టరు చక్కెర బందు పెట్టిండు. చాయ్ అమ్మేటోడికి చాయ్ తాగే నసీబు లేదు, చూడు. ఏమన్నవ్, మురళీకృష్ణ వెంచరా? దాని పేరు మార్చింరు కదా, నీకెట్ల తెల్సు? ఓ, బోర్డు మీద కొత్త రంగు కింద పాత పేరు కనపడ్డదా. వానకు రంగు కారుతనే ఉంటది దానికి.

మురళీకృష్ణది నేలకొండపల్లి. తాతల కాలంల కోస్తా నుంచి వచ్చి భూములు కొన్నోళ్ళు. ఈయన వ్యవసాయం చెయ్యలే, సొంత కారు కొని ఏజెంటయిండు. ఆ కారంటే పాణం. మల్లెపువ్వసొంటి తెల్ల అంగి తొడుక్కోని, ప్లాటు కొనే పార్టీని ఎక్కించుకోని వచ్చేటోడు. నా హోటల్ కాడ ఆపి, ఎనక తలుపు తనే తీసి, తలకు తగలకుండ చెయ్యి అడ్డం పెట్టి, "దిగండమ్మా, జాగ్రత్తండి" అనేటోడు. అల్లుడన్నా గంత మర్యాద చెయ్యడు. ఇగ కారు నడుస్తుంటే కుడిచెయ్యి కిటికీల నుంచి బయటపెట్టి, వేలు చూపిస్తనే ఉండేటోడు. "అదిగో సార్, అక్కడ హైవే వస్తుంది. ఇదిగో, ఇక్కడ ఇంటర్నేషనల్ స్కూలు." ఆ వేలు పోయిన దిక్కు చూస్తే ఏముంటది, పామాయిల్ తోటలు, కోతులు. అయినా చెప్తుంటే మనకు స్కూలు గంట వినపడేది.

ఆ భూమి కమ్లిది, గా తండా ముసలామెది. ఏజెన్సీ భూమి, బయటోళ్ళకు కాయితం ఎట్ల నడిచిందో నన్నడగకు, నాకు తెల్వదు. ఆమె పెనిమిటి గోప్యా ఉండె, ఆ చేన్ల ఈశాన్యం మూల బాయి తవ్విండు. ఇద్దరే తవ్వింరు, ఆయన లోపల, ఈమె పైన తట్ట మోసుడు. నీళ్ళు పడ్డ ఏడాదే ఆయన పోయిండు. అందుకని కొడుకు బలరాం అమ్ముదామంటే, ముసల్ది వేలిముద్ర వెయ్యనన్నది. మురళీకృష్ణ గీ బల్ల మీదనే ఆమెను కూసోబెట్టి బతిమిలాడిండు. "అవ్వా, బావి ఎక్కడికీ పోదు. నీకు ఎప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు నా కార్లో తీసుకెళ్ళి చూపిస్తా. సరేనా?" కారు దిక్కు చూసింది. "నన్ను ఎక్కించుకుంటవా బాబూ?" అన్నది. "ఎందుకెక్కించుకోను?" అన్నడు. వేసింది ముద్ర.

మరి బాయి ఉన్న ప్లాటు బిట్టు ఎవడు కొంటడు? నెల తిరగకముందే మొరం పోయించి బాయి పూడ్చి, చదును చేసి, మీద గడ్డి పెంచింరు. ముసల్దానికి తెల్వదు. తండా అడ్డదారి కాడ నిలబడి కారు వచ్చినప్పుడల్లా చెయ్యెత్తేది. మురళీకృష్ణ అద్దం దించి, "సీటు ఖాళీ లేదవ్వా, ఇంకోసారి" అనేటోడు. అబద్ధం కూడ కాదు, పార్టీలతోటి కారు నిండే ఉండేది. ఒక్కోపాలి ఖాళీగ ఉన్నా గంతే అనేటోడు. ఏం చూపిస్తడు పాపం, మొరమా? ఆ ఎండాకాలం గా అడ్డదారి కాడనే కూలబడి పాణం ఇడిసింది కమ్లి. కొత్తగూడెం దవాఖానా దాక కూడ పోలే.

ఆ తర్వాత వానలు పట్టినయ్. ముదిగొండ నుంచి నిర్మలాదేవి అని ఓ టీచరమ్మను, ఆమె భర్తను తీస్కవచ్చిండు. పట్టపగలు. చూసి వచ్చి నా కాడ ఆగింరు. టీచరమ్మ మంచిది, "మీ అమ్మగారు దిగలేదేమండీ? ఆమెకూ ఒక టీ ఇద్దాం" అన్నది. మురళీకృష్ణ నవ్విండు. "మా అమ్మ ఎక్కడండీ? ఆమె మీ అత్తగారు కదా. ముసుగులో ముఖం కనపడలేదు గానీ, నేనే కదా అక్కడ తలుపు తీసి దింపింది." ఇద్దరు ఒకల మొకం ఒకలు చూసుకున్నరు. కార్ల చూస్తే ఎవ్వరు లేరు, సీటు మీద మొరం మన్ను. టీచరమ్మ మెల్లగ చెప్పింది. "తండా దగ్గర మనం దిగి బోర్డు చూశామే, అప్పుడొచ్చిందండీ. చేతినిండా తెల్లగాజులు. సీటు ఖాళీ ఉన్నదా అని నన్నడిగి ఎక్కింది. ఈశాన్యం మూలకెళ్ళి కిందికి చూస్తా నిలబడింది." మురళీకృష్ణ చాయ్ బల్ల మీద పెట్టి పోయి, సీటు మీది మన్ను తన తెల్ల అంగితోనే తుడిచిండు.

ఇగ ఆ రోజు సంది ఆయనకు ఖాళీ సీటు చూస్తే వణుకు. మందిని కుక్కుకోని తెచ్చేటోడు. మంది దొరక్కపోతే ఫ్లెక్సీలు, నీళ్ళ డబ్బాలు సీట్ల మీద పేర్చేటోడు. ఓ దినం నాతోని అన్నడు, "బొజ్జయ్య మామా, ఆ బావి మళ్ళీ తవ్వించనా?" తవ్వించు నాయనా అన్న. ఆలోచించిండు. "ఆ బిట్టు ఒక్కటే మిగిలింది మామా. అమ్మేసి ఇటు రావడమే మానేస్తా." అమ్మిండు కూడ. కొన్నోళ్ళు తమ కార్ల వచ్చింరు, చూసుకోని తమ కార్లనే పోయింరు. ఈయన ఒక్కడు వెంచర్ల నుంచి ఎనక్కి రావాలె, కారంతా ఖాళీ. పొద్దున పోయేటప్పుడే నా ముంగట ఆపి, ఖాళీ సీట్లన్నిటికి బెల్టులు పెట్టిండు, ఎవ్వరు కూసోకుండ. నాకు నవ్వొచ్చింది. తర్వాత ఎప్పుడూ నవ్వలే.

మాపటికి గూడ రాలే. పోయి చూస్తే కారు ఈశాన్యం మూలన నిలబడి ఉంది, ఇంజిన్ నడుస్తనే ఉంది. స్టీరింగ్ కాడి సీటుకు కూడ బెల్టు పెట్టే ఉంది, సీట్ల మనిషి లేడు. ఎనక కిటికీ పక్క సీటు బెల్టు ఒక్కటే ఊడింది, ఆ తలుపు తెరిచి ఉంది, దిగేటోళ్ళకోసం తీసి పట్టుకున్నట్టు. గడ్డి నలగలే. పోలీసులు తవ్వింరు, మొరమే వచ్చింది. హైదరాబాద్ పోయిండన్నరు, ఇంకేందో అన్నరు. నాకయితే బాధ, బిడ్డా. చెడ్డోడు కాదు. ఒక్కపాలి ఎక్కించుకుంటే అయిపోయేది.

అగో, మీ ఏజెంటు వస్తుండు. తాగు జల్దీ. మీతోటి వచ్చినాయన దిగలేదేంది, ఎండల? గదే, మీ కార్ల ఎనక కూసున్నాయన. తెల్ల అంగి. చెయ్యి బయటపెట్టి ఏందో చూపిస్తుండు కదా.

మీరిద్దరే వచ్చింరా.

…గ్లాసు ఇటియ్యి బిడ్డా, కడగాలె.